గోదాము షట్టరు, స్పామ్ ఫిల్టరు

నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీ హెడ్డాఫీసులో కంప్యూటర్లు చూసుకునేదాన్ని. చూసుకోవడమంటే ప్రింటరులో ఇరుక్కున్న కాగితం లాగడం, పాస్‌వర్డు మరిచిపోయిన పెద్దమనుషులకు కొత్తది పెట్టివ్వడం, ఎవరి మెయిలు రాకపోయినా తిట్లు తినడం. ఆ మెయిళ్ళకు కాపలాగా ఒక స్పామ్ ఫిల్టరు ఉండేది. లాటరీ తగిలిందనీ, బ్యాంకు ఖాతా ఆగిపోతుందనీ వచ్చే దొంగ మెయిళ్ళను పట్టి పక్కన పడేయడం దాని పని. ఏళ్ళ తరబడి బుద్ధిగా పనిచేసిన ఆ ఫిల్టరు ఒక వానాకాలంలో ఉన్నట్టుండి పడిపోవడం మొదలుపెట్టింది.

అది పడిపోతే ఆఫీసు మెయిళ్ళన్నీ ఆగిపోతాయి. నేను మళ్ళీ లేపేదాన్ని. లేచి, వరసలో ముందున్న మెయిలు తెరిచి, అక్కడికక్కడే మళ్ళీ పడిపోయేది. అది ఎందుకు పడిందో తానే రాసి పెట్టే ఫైలులో ప్రతిసారీ ఒకటే మాట కనిపించేది: స్టాక్ ఓవర్‌ఫ్లో.

మా అడ్మిన్ మేనేజరు నా సీటు దగ్గరికొచ్చాడు. "ఏందమ్మా, మాటిమాటికీ పడిపోతాండాది?"

"స్టాక్ ఓవర్‌ఫ్లో సార్."

ఆయన గంభీరంగా తలూపి వెళ్ళిపోయాడు. ఇంత తొందరగా అర్థం చేసుకున్నాడే అని నేను ముచ్చటపడ్డాను. మధ్యాహ్నానికి ఆళ్ళగడ్డ గోదాము మేనేజరు నాకు ఫోను చేశాడు.

"ఏమ్మా, మా గోదాములో స్టాకు పొంగిపోతాండాదని చెప్పినావంట? మీ సారు నన్ను సంజాయిషీ అడుగుతాండాడు. యాడ పొంగింది? వచ్చి చూడు, బస్తా మీద బస్తా ఎట్లుండేది అట్లనే ఉండాది!"

ఆయన్ను శాంతపరిచి, అడ్మిన్ మేనేజరు గదికి వెళ్ళాను. "అది గోదాము స్టాకు కాదు సార్. ప్రోగ్రాము ఒక పని సగంలో వదిలి ఇంకో పనిలోకి దూరినప్పుడు, తిరిగి ఎక్కడికి రావాలో గుర్తుపెట్టుకునే జాగా. అది నిండిపోతే ప్రోగ్రాము చచ్చిపోతుంది."

"అయితే జాగా పెద్దది చెయ్. దీనికింత కథ యాల?"

ఫిల్టరు అమ్మిన హైదరాబాదు వాళ్ళు కూడా, ముందు ఆపి మళ్ళీ ఆన్ చేయమని, తర్వాత అదే మాట చెప్పారు. పెంచాను. కొన్నాళ్ళు నిలబడింది. తన పర్యవేక్షణలో సామర్థ్యం పెరిగిందని అడ్మిన్ మేనేజరు పైవాళ్ళకు రాసుకున్నాడు. ఆ రాసుకున్న వారంలోనే ఫిల్టరు మళ్ళీ పడిపోయింది.

ఈసారి ఆయనకు కోపం వచ్చింది. "తీసి పారెయ్ దాన్ని. మనకెవరు పంపుతారమ్మా దొంగ మెయిళ్ళు?"

తీసేశాను. మరుసటి రోజు పొద్దున్నే నన్ను గదికి పిలిచి తలుపు వేశాడు. ఎక్కడో విదేశంలో మొగుడు పోయిన ఒక ఆడమనిషి తన ఆస్తి మొత్తం ఈయన చేతిలో పెడతానని రాసింది. ఆయన గొంతు బాగా తగ్గించి, "ఇది నిజమే అంటావా?" అన్నాడు. కాదన్నాను. కాసేపు నన్నే అనుమానంగా చూసి, ఫిల్టరు మళ్ళీ పెట్టమన్నాడు.

పెట్టేముందు, అది ఏ మెయిలు దగ్గర కూలిపోతోందో దాన్ని విడిగా తీసి నా చేత్తో తెరిచాను. అందులో ఒక మెయిలు జతచేసి ఉంది. దాన్ని తెరిస్తే అందులో ఇంకొకటి. దాంట్లో మరొకటి. ప్రతిదాని మీదా ఒకటే వాక్యం: "తగు చర్య నిమిత్తం జతపరచడమైనది." పంపినవాళ్ళు ఒకసారి మా అడ్మిన్ మేనేజరు, ఒకసారి గోదాము మేనేజరు. తెరిచి తెరిచి చేయి నొప్పి పుట్టాక అట్టడుగున అసలు మెయిలు దొరికింది. ఆళ్ళగడ్డ గోదాము షట్టరు కిందికి దిగడం లేదట, బాగుచేయించడానికి అనుమతి కావాలట.

పాపం ఫిల్టరు చేసిన తప్పు ఒకటే. పై మెయిలును తెరిచి పట్టుకుని లోపలిదాన్ని, దాన్నీ పట్టుకుని దాని లోపలిదాన్ని, అలా చివరిదాకా చదవబోయింది. మా ఆఫీసులో ఆ సాహసం మరెవరూ చేయలేదు.

మెయిలుకు మెయిలు జతచేసి పంపే ఆ అలవాటును ముందు గోదాము వాళ్ళ చేత మాన్పిద్దామని ఆళ్ళగడ్డ బస్సెక్కాను. అహోబిలం పోయే భక్తుల మధ్య నిలబడి, గోదాము మేనేజరును ఎలా ఆటపట్టించాలా అని ఆలోచిస్తూ వెళ్ళాను. గోదాము షట్టరు సగంలో వేలాడుతోంది. లోపల వేరుశనగ విత్తనాల బస్తాల మీద ఒక కుక్క పడుకుని ఉంది. గోదాము మేనేజరు టీ తెప్పించాడు.

"మామూలుగా జవాబు రాయొచ్చు కదా సార్? అంతా మూటగట్టి పంపడం దేనికి?"

ఆయన టీ గ్లాసు పక్కన పెట్టాడు. "పోయినేడు వానకు బస్తాలు తడుస్తాండాయని ముందే రాసినా. మీ సారు ఆ ముక్క కత్తిరించి పైకి పంపినాడు. నేను చెప్పనే లేదన్నాడు. మాట పడింది నేను. అప్పటిసంది ఒక్క అక్షరం తెగకుండా మొత్తం పంపుతాండా."

ఆటపట్టించే ఆలోచన మానుకుని, టీ తాగి తిరిగొచ్చాను. నంద్యాలలో అడ్మిన్ మేనేజరునూ అదే అడిగాను. "ఆయన రాసిందే రాయలేదంటాడు. సాక్ష్యం ఉండద్దా?" అన్నాడు. ఇద్దరిలో ఎవరిది అబద్ధమో నాకు ఇప్పటికీ తెలియదు. ఇద్దరిదీ కావచ్చు.

ఫిల్టరును మళ్ళీ పెట్టి, మరీ లోతుగా మెయిలులో మెయిలు ఉంటే తెరవకుండా పంపినవాళ్ళకే తిప్పికొట్టేలా దానికి హద్దు పెట్టాను. ఆ తర్వాత అది ఒక్కసారి కూడా పడలేదు. తిరిగొచ్చిన మెయిలు పట్టుకుని అడ్మిన్ మేనేజరు నా మీదికొచ్చాడు.

"నా మెయిలు చెత్తనా?"

"కాదు సార్, లోతెక్కువైంది."

ఆ మాటను ఆయన పొగడ్తగా తీసుకున్నట్టుంది, ఛాతీ విరుచుకుని తన గదికి వెళ్ళాడు. ఆళ్ళగడ్డలో ఆ పెద్దమనిషి అనుమతి కోసం చూసి చూసి, వెల్డరును పిలిపించి షట్టరు తానే బాగుచేయించుకున్నాడు.

అప్పటి నుంచి వాళ్ళిద్దరూ మెయిళ్ళు మానేసి ఫోనులో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. పోనీలే, మనుషుల్లో పడ్డారు అనుకున్నాను. ఒకరోజు అడ్మిన్ మేనేజరు తన ఫోను నా బల్ల మీద పెట్టాడు.

"జాగా లేదంటాండాది, రోంత చూడమ్మా."

చూస్తే ఫోను నిండా కాల్ రికార్డింగులే. అన్నీ ఆళ్ళగడ్డవే.

"వీటిలో ఏవి తీసేయమంటారు సార్?"

"ఒక్కటీ తీయొద్దు," అన్నాడాయన.