సాంబయ్య డాక్టరు ఖాళీ అగ్గిపెట్టె

చెన్నూరు డాక్టర్ సాంబయ్యకు ఒకటే పిచ్చి. యాభై దాటిన మనిషి కనిపిస్తే చాలు, చేతిలో ఖాళీ అగ్గిపెట్టె పెట్టేవాడు. మరునాటి పొద్దుటికల్లా అది నిండి రావాలి. భోంచేస్తూ చదివేవారు ఉంటారు కనుక, పొద్దున్నే చెంబు పట్టుకుని వెళ్లే చోటి సరుకని మాత్రం చెప్పుకుందాం.

వెనకటి హకీములు రోగి మూత్రాన్ని గాజుబుడ్డిలో పోసి, వెలుగుకెత్తి చూసి జాతకం చెప్పేవారట. వాళ్ల దగ్గరికి రోగులే వెళ్లేవారు. సాంబయ్య మాత్రం ఏ రోగమూ లేనివాళ్ల వెంట పడేవాడు, అదీ ఏటేటా! పుల్లతో ఇంత తీసి, కాగితానికి రాసి, చుక్క మందు వేసేవాడు. నీలం తిరిగితే కంటికి కనబడని నెత్తురున్నట్టు. పేగులో పుండో, కేన్సరో వెతకాలి. తిరగకపోతే వచ్చే ఏడు మళ్లీ పెట్టె.

బస్టాండులో ఎవరన్నా బీడీ నోట్లో పెట్టుకుని "డాక్టర్ సాబ్, జర అగ్గిపెట్టె" అంటే వెంటనే జేబులోంచి తీసి ఇచ్చేవాడు. తెరిస్తే పుల్ల ఒక్కటుండదు. "రేపు పొద్దుగాల తేవాలె" అనేవాడు. ఊళ్లో సగం మంది ఆ దెబ్బకే బీడీలు మానేశారు.

1986 ఎండాకాలం, ఒక పెండ్లి బంతి. మొన్నమొన్నటి దాకా ఊరి శిస్తు వసూలు చేసే మాలీపటేల్‌గా ఉన్న లింగారావు పప్పుచారు కలుపుకుంటున్నాడు. ఎదుటి వరుసలోంచి సాంబయ్య కేక:

"పటేలా! నీ పెట్టె రాలే!"

బంతిలో చేతులన్నీ ఆగిపోయాయి.

"నిరుడిచ్చిన గద! సాఫ్ ఉన్నదంటివి!"

"నిరుటిది నిరుటి ముచ్చట. నిరుడు పత్తిల పురుగు లేదని, గీ యేడు చేను దిక్కు పోకుంటున్నవా?"

"తినేటప్పుడు గీ ముచ్చటేందయ్యా!"

"తినకుంటే పెట్టె నిండుడెట్ల?"

లింగారావు లేచి చెయ్యి కడుక్కున్నాడు. కోపం సరే, అంతకంటే ఒక సందేహం ఎక్కువగా తొలిచింది. బంతిలో యాభై దాటినవాళ్లు ముప్పై మంది ఉన్నారు. కేకలన్నీ తనకే ఎందుకు? తన పొలంలో నాట్లేసే యాదవ్వ విస్తళ్లు ఎత్తుతూ ఎదురుగానే తిరుగుతున్నా, ఆమెను పల్లెత్తు మాట అనలేదే?

సాయంత్రం దవాఖానకు పోయి నిలదీశాడు.

"ఊర్ల నేనొక్కన్నే దొరికిన్నా నీకు?"

సాంబయ్య తలుపు దగ్గరికేసి గొంతు తగ్గించాడు. ఆ గొంతు తగ్గగలదని లింగారావుకు అప్పటిదాకా తెలియదు.

"నిరుడు నాట్లోళ్లందరు ఇచ్చిన్రు. గీ యేడు ఒక్కతె గూడ తేలే. యాదవ్వనడిగితే, 'పటేలే ఇస్తలేడు, నాకెందుకు సారూ' అన్నది. మనిషేమో చిక్కిపోతున్నది. ఆమెను బంతిల పేరు పెట్టి అడిగితే సిగ్గుతోని మళ్ల దవాఖాన మొకం చూడది. నిన్నంటే ఏమైతది? మీసం మెలేసుకుంటవ్, అంతే."

లింగారావు చెయ్యి మీసం దాకా పోయి, వెనక్కి వచ్చింది.

మరునాడు ఇంటి ముందు జీపున్నా ఎక్కలేదు. అగ్గిపెట్టెను అరచేతిలో పెట్టుకుని, బజారు నడిమి నుంచి దవాఖాన దాకా నడిచాడు. "ఏంది పటేలా అది?" అన్నవాళ్లకల్లా "నా పెట్టె. నీదేది?" అన్నాడు. వారం తిరక్కముందే యాదవ్వ కొంగుచాటున తన పెట్టె తెచ్చింది.

లింగారావు కాగితం తెల్లగానే ఉంది. యాదవ్వది నీలం తిరిగింది. సాంబయ్యే ఆమెను వెంటబెట్టుకుని వరంగల్ పోయాడు. పేగులో గడ్డ చిన్నగా ఉండగానే దొరికింది, కోసి తీసేశారు. ఆ ఏడు నాట్లకు రాలేకపోయినా, కోతలనాటికి యాదవ్వ గట్టు మీద నిలబడి అందరినీ అదిలిస్తూనే ఉంది.

మరుసటి ఎండాకాలం మళ్లీ పెండ్లి, మళ్లీ బంతి. సాంబయ్య నోరు తెరిచేలోపే లింగారావు కేకేశాడు.

"డాక్టర్ సాబ్! నీకు యాభై దాటి ఎన్నేండ్లాయె? నీ పెట్టేది?"

సాంబయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది.

"నేను... అదే... నిరుడు..."

"నిరుటిది నిరుటి ముచ్చట!" బంతి బంతంతా అరిచింది.

యాదవ్వ రొండిన దోపుకున్న ఖాళీ అగ్గిపెట్టె తీసి, ఆయన విస్తరి పక్కన పెట్టింది.

"రేపు పొద్దుగాల తేవాలె సారూ," అన్నది. "జర మంచిగ తిను."