గోడవైపు తిప్పిన స్పీకర్

మా చిన్నప్పుడు ఇంట్లో గట్టిగా తుమ్మితే గోడ అవతలివాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు... ఖతార్‌లోని దోహాలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో ఒక పాత విల్లాని ప్లైవుడ్ గోడలతో ముక్కలు చేసి అద్దెకిచ్చారు. అందులో ఒక హాలూ, ఒక గదీ మావి. హాలు గోడకి అటువైపు గదిలో సైటు పనికి వెళ్ళే మనుషులు నలుగురు ఉండేవారు.

అలాంటి ఇంట్లోకి మా నాన్నకి హోమ్ థియేటర్ కావాలట!

ఆ రోజుల్లో ఎటు చూసినా క్రేన్లే... ఎవరి నోట విన్నా వరల్డ్ కప్ మాటే. "కప్పు మన ఊరికొస్తుంటే ఈ పీలగొంతు టీవీలో చూస్తామా?" అని నాన్న. "గోడ అవతల వాళ్ళు గొడవకొస్తే, ఓనరు ఖాళీ చేయమంటే అప్పుడేం చూస్తారో చూద్దాం" అని అమ్మ.

అక్కడ సెలవు శుక్రవారం. ఆ రోజు చర్చి నుంచి వచ్చి, భోంచేసి, సాయంత్రం షాపుల మీద పడేవాళ్ళం. ఎక్కడికెళ్ళినా బాంబులు పేలే సీనే వేసి చూపించేవాళ్ళు. నాన్న ముఖం వెలిగిపోయేది. అమ్మ మాత్రం బ్యాగులోంచి పెన్‌డ్రైవ్ తీసేది... జోరువానలో ఇద్దరు మెల్లగా మాట్లాడుకునే తెలుగు సీను ఉండేది అందులో. వానలో మాట స్పష్టంగా తెలిస్తేనే కొనాలి, అదీ షరతు. పెద్ద పెద్ద సెట్లన్నీ అక్కడే చతికిలపడ్డాయి. చివరికి నలిగిన అట్టపెట్టెలో, ఒక మూల పడి ఉన్న చవక సెట్టు నెగ్గింది.

కొనడం ఒక ఎత్తు, బిగించడం ఒక ఎత్తు. బాస్ పెట్టె నేలంతా అదరగొడుతుంటే అమ్మ పాత బొంత మడిచి దాని కింద పెట్టింది. టీవీ కింది స్పీకర్ మా మోకాళ్ళతో మాట్లాడుతోందని నాన్న ఒక అట్టముక్క దోపి దాని మూతి పైకెత్తారు. వెనక స్పీకర్లు రెండూ సోఫా వెనక, ఆ నలుగురి గదికి ఆనుకున్న ప్లైవుడ్ గోడకే. తీరా పెడితే, తెర మీద కారు కుడివైపు పోతుంటే చప్పుడు ఎడమవైపు పోయింది... వైర్లు తారుమారు! నేను పొట్ట పట్టుకుని నవ్వాను. నాన్న నవ్వలేదు.

అన్నీ కుదిరాక ముందు నుంచి మాటలు, వెనక నుంచి వాన. నాన్న సోఫా మధ్యలో కూర్చుని కళ్ళు మూసుకున్నారు... ఎన్నాళ్ళ ముచ్చటో అది.

తర్వాతి శుక్రవారం సినిమా మధ్యలో, గోడ మీద దబదబా చప్పుడు.

చెప్పానా అన్నట్టు అమ్మ నాన్నవైపు చూసింది. నాన్న ఠక్కున ఆపేశారు. మళ్ళీ దబదబా! ఇక లాభం లేదని నాన్న తలుపు తీసేసరికి గుమ్మంలోనే ఉన్నాడు పక్కగది గంగారాం... జగిత్యాల దగ్గరి మనిషి.

"సారీ అండి, మీకు పొద్దున్నే డ్యూటీ కదా... ఇక పెట్టం" అన్నారు నాన్న.

"అయ్యో, బంద్ జేసుడెందుకు సార్? జర పెంచుమని కొట్టిన. మా రూంల టీవీ మాఫీ, లేనే లేదు. గోడకు చెవి వెట్టి ఇంటున్నం... మాటలే సక్కగ ఇనవడ్తలేవు."

అమ్మ పకపకా నవ్వి టీ పెట్టింది. ఆయన పని వరల్డ్ కప్ కోసం కడుతున్న ఒక స్టేడియంలోనట, జనం కూర్చునే మెట్లు పోయడం.

"గంత పెద్దది అక్కా, ఒట్టిగ ఉన్నది. మనం అరిస్తే మన గొంతే మనకు వాపస్ అస్తది. జనం నిండినంక ఎట్లుంటదో ఒక్కపారి ఇనాలె... గంతే నాకు."

లోపల కూర్చుని సినిమా చూడమంటే మాత్రం ఒప్పుకోలేదు. "ఫ్యామిలీ ఉన్న ఇల్లు సార్... నలుగురం అచ్చి కూసుంటే బాగుండది."

ఆయన వెళ్ళాక నాన్న కాసేపు సోఫా వెనక నిలబడ్డారు. తర్వాత వెనక స్పీకర్ ఒకటి ఊడదీసి గోడవైపు తిప్పి బిగించారు. వెనక స్పీకర్లలో మాటలు రావు కదా... అందుకని అన్నిట్లోనూ ఒకే శబ్దం వచ్చేలా రిమోట్ నొక్కారు. అంటే అంత ముచ్చటపడి కొనుక్కున్న సరౌండ్ పోయినట్టే. నాకు ఒళ్ళు మండింది గానీ ఆయన ముఖంలో ఏ బాధా లేదు.

అప్పటి నుంచి శుక్రవారం సినిమాలో కామెడీ వస్తే గోడ నవ్వేది. అమ్మ అయితే, పాపం వాళ్ళకి బొమ్మ కనపడదు కదా అని, గోడవైపు తిరిగి గట్టిగా చెప్పేది... "ఇదిగో, వాడు తలుపు చాటున దాక్కున్నాడు!"

స్టేడియం పని అయిపోయింది. జనం రాకముందే కంపెనీ ఆ నలుగురినీ ఇంటికి పంపేసింది.

"కట్టుడైతే కట్టినం... ఇనుడే కాలేదు సార్" అన్నాడు గంగారాం, బ్యాగు భుజాన వేసుకుని. నవ్వుతూనే అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

"నేను వినిపిస్తాను గంగారాం" అన్నారు నాన్న.

వరల్డ్ కప్ ఇంకా రాలేదు... ఆ స్టేడియంలో మొదటి మ్యాచ్ జరిగిన రోజు. టీవీలో మెట్లు కనపడనంతగా జనం. నాన్న గోడవైపున్న స్పీకర్‌ని ఇటు తిప్పి, మళ్ళీ సరౌండ్ పెట్టారు. ముందు స్పీకర్లలో అరబిక్ కామెంటరీ... వెనక దాంట్లో ఒట్టి జనం హోరు. గంగారాంకి వీడియో కాల్ చేశారు. వాళ్ళ ఊళ్ళో సిగ్నల్ లేక బొమ్మ ఆగిపోయింది గానీ గొంతు వస్తోంది. ఫోన్ తీసుకెళ్ళి ఆ స్పీకర్ ముందు పెట్టారు.

అటువైపు ఫోన్ చెవికి ఆనించుకున్న చప్పుడు.

"సార్... ఇది మా గొంతు గాదు" అన్నాడు మెల్లగా. "ఇగ ఇప్పుడు నేనెంత అరిసినా ఎవ్వలికి ఇనవడదు సార్!"

సంతోషంగానే అన్నాడు. నాన్న మాత్రం మ్యాచ్ అయ్యేదాకా ఆ ఫోన్ అక్కడి నుంచి తీయలేదు.

ఇప్పుడు దోహా పక్కన ముఐథర్‌లో ఉంటున్నాం. కాంక్రీట్ గోడలు. టీవీ కింద పొడుగాటి సౌండ్‌బార్ ఒక్కటే... వైర్లు లేవు, బొంత అవసరం లేదు. ఎంత పెంచినా ఎవరూ గోడ కొట్టరు. అటువైపు ఎవరున్నారో కూడా మాకు తెలియదు.

అమ్మ మాత్రం ఇప్పటికీ సినిమా చూస్తూ ఉన్నట్టుండి గోడవైపు తిరుగుతుంది... "ఇదిగో, వాడు తలుపు చాటున దాక్కున్నాడు!"

మీ చిన్నప్పుడు గోడ అవతల ఎవరుండేవాళ్ళు...? చెప్పండి, వింటాను.