చివరి బెంచీ మహారాణి

సునిల్దా అక్క చెవిన పడేలా ‘నేనెంతటివాణ్ణిలెండి’ అని ఎవరైనా అన్నారా, ఇక వాళ్ల పని అయిపోయినట్టే. ఆవిణ్ణి తిట్టినా ఊరుకుంటుంది, బస్సులో తోసినా ఊరుకుంటుంది. ప్రభువును నమ్ముకున్న మనిషి తనను తాను తక్కువ చేసుకుంటే మాత్రం ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. “విశ్వాసి అంటే ఎవరనుకున్నావు? రాజు! యాజకుడు! కిరీటం నెత్తిన పెట్టుకుని ముష్టివాడిలా మాట్లాడతావేం?” అని గయ్యిమంటుంది. ఆ గయ్యిమనడం రేవులో ఆ చివర పడవలకు రంగులు వేసుకునేవాళ్లకు కూడా వినిపిస్తుంది.

ఇంతా చేస్తే ఆవిడ రోజూ మోకాలి లోతు చలినీళ్లలో దిగి, సముద్రపు నాచు కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి అమ్ముకునే మనిషి. కాళ్లకు రబ్బరు బూట్లు, నెత్తిన పురుగులు కొట్టిన ఉన్ని టోపీ. ఒకసారి ఆసుపత్రిలో నర్సు చూసి, “తర్వాత ఎవరు? ఆ నాచు ముసలమ్మేనా?” అంది.

“నాచు ముసలమ్మ ఎవరో నాకు తెలీదు. రాజుగారి కూతురైతే ఇక్కడుంది.”

“ఏ రాజమ్మా?”

“రాజులకు రాజు. ఇప్పుడు చెప్పు, ఎక్కడ కూర్చోమంటావు?”

డాక్టరు రక్తపోటు చూసి గాభరా పడ్డాడు. అది మామూలేనని, ఉదయం బస్సులో ఒకాయన ‘మనబోటి అల్పులం’ అన్నాడని, దాని తాలూకు వేడి ఇంకా దిగలేదని ఆవిడే సర్దిచెప్పింది.

ఆ రేవు సంఘానికి కాపరి ఎలియాసర్ రికెల్మే పాస్టరు. పాపం, ఆయన బతుకు చూస్తే ఎవరికైనా జాలి వేస్తుంది. దేవుడు ఆయనకు మంచి గొంతు ఇచ్చాడు, మంచి భార్యను ఇచ్చాడు, రేకుల కప్పుతో అయినా ఒక మందిరం ఇచ్చాడు. ఇన్ని ఇచ్చి, అందులో సునిల్దాను ఎందుకు పెట్టాడో ఆయనకు అంతు చిక్కలేదు. సాక్ష్యాల వేళ ముసలి తెయోఫిలో లేచి, కన్నీళ్లు పెట్టుకుని, “నేనొక పురుగును సోదరులారా, వట్టి పురుగును” అని మొదలుపెడితే సంఘమంతా ‘స్తోత్రం’ అంటుంది. అనాలి కదా? ఈవిడ మాత్రం లేచి నిలబడుతుంది.

“కూర్చో తెయోఫిలో! పురుగువైతే నిన్న మా ఇంట్లో ఆరు సొపైపియా రొట్టెలు ఎలా మింగావు?”

“అక్కా, అది వినయం,” అంటాడు పాస్టరు పళ్లు బిగపట్టి.

“వినయమా? ప్రభువు ప్రాణం పెట్టి కొనుక్కున్న సరుకును పట్టుకుని చెత్త అనడం వినయమా? కొన్నాయన మొహాన ఉమ్మేసినట్టు కాదూ!”

ఇక ప్రసంగం ఏం సాగుతుంది చెప్పండి?

ఆ సంఘంలో కట్టడి గట్టిది. తప్పు చేసినవాళ్లు మూడు నెలలు వెనక, తలుపు పక్కన ఉన్న చివరి బెంచీలో కూర్చోవాలి. పాట పాడకూడదు, సాక్ష్యం చెప్పకూడదు, వాయిద్యం ముట్టుకోకూడదు. తలుపు సందులోంచి సముద్రపు గాలి వాళ్ల వీపులనే వెతుక్కుంటూ వస్తుంది. కూడిక అయ్యాక జనం వాళ్ల పక్కనుంచి నేల చూపులు చూస్తూ వెళ్లిపోతారు. సునిల్దా అక్క సగం జీవితం ఆ బెంచీ మీదే గడిచింది. ఏడాదికి ఒకసారైనా ఏదో ఒక ఆగడం చేసి అక్కడికి చేరేది. ఒకసారి ప్రార్థనలో గురక పెట్టింది. నిద్రలో పెడితే క్షమించవచ్చు. ఈవిడ రెండు కళ్లూ తెరిచి, పాస్టరు మొహంలోకి చూస్తూ పెట్టింది.

ఆ సెప్టెంబరులో జాతీయ పండుగ వచ్చింది. పందిళ్లు వేశారు, గిటార్లు మోగాయి, ఊరంతా చేతిరుమాళ్లు తిప్పుతూ క్వేకా నాట్యం ఆడింది. విశ్వాసులు ఆ వైపు తొంగి చూడకూడదు. సంఘంలో మాండలిన్ వాయించే అబ్దియాస్ మాత్రం మాంసం కొనడానికి ఆ దారిన వెళ్లి, సొంత మేనత్తతో రెండు చుట్లు ఆడేశాడు. ఒక సంఘ పెద్ద చూసి ఆ కబురు పాస్టరుకు మోసుకొచ్చాడు.

“తాగావా?” అన్నాడు పాస్టరు.

“లేదు పాస్టరుగారూ, ఒట్టు.”

“మరెందుకు ఆడావురా?”

“నేను ఆడలేదండీ. కాళ్లు ఆడాయి. నేను వద్దంటూనే ఉన్నాను.”

కాళ్లు ఆడినా శిక్ష మనిషికే. అబ్దియాస్ చివరి బెంచీకి వెళ్లాడు, మాండలిన్ బీరువాలోకి వెళ్లింది. మరుసటి ఆదివారం పాస్టరు ప్రసంగానికి లేచాడో లేదో, సునిల్దా అక్క వేదిక ముందుకు వచ్చి జేబులోంచి రుమాలు తీసింది.

“అబ్దియాస్ చేసిన పాపమేమిటో నాకు సరిగ్గా అర్థం కాలేదు పాస్టరుగారూ. ఇదేనా?” అని రబ్బరు బూట్లతో క్వేకా మొదలుపెట్టింది. రుమాలు తిప్పింది, గిర్రున తిరిగింది, మడమలు టపటపలాడించింది. తెయోఫిలో తెలియకుండానే చప్పట్లు కలిపాడు.

“చాలు! వెనక్కి! మూడు నెలలు!” పాస్టరు గొంతు బొంగురుపోయింది.

“అదేదో ముందే చెబితే ఈ మోకాలి నొప్పి తప్పేది,” అని గొణుక్కుంటూ వెళ్లి అబ్దియాస్ పక్కన కూలబడింది.

ఆ రాత్రి పాస్టరుకు అన్నం సయించలేదు. “నా పరువు తీయడానికే పుట్టింది ఈవిడ!” అని భార్య మీద అరిచాడు. ఆవిడ సూపు మళ్లీ వేడి చేసి పెట్టింది.

నవంబరులో సంఘ వార్షికోత్సవం దగ్గర పడింది. ఆ ముందు ఆదివారం కూడిక అయ్యాక పాస్టరు కిటికీలు మూస్తుంటే, చివరి బెంచీ నుంచి అబ్దియాస్ మాటలు వినబడ్డాయి.

“దక్షిణాన చేపల పెంపకంలో పని దొరికిందక్కా. పోతున్నాను. ఇక ఏ గుడి గడపా తొక్కను. వాయించడానికి ప్రభువు పిలిచాడనుకుని ఇన్నేళ్లు ఎగిరాను. నాబోటివాడికి పిలుపేమిటక్కా, సిగ్గులేకపోతే సరి.”

పాస్టరు చెవులు మూసుకున్నాడు, రాబోయేది తెలుసు కనుక. కానీ ఆవిడ అబ్దియాస్ మీద పడలేదు. బూట్లు టకటకలాడించుకుంటూ నేరుగా కిటికీ దగ్గరికే వచ్చింది.

“విన్నారా మీ ఘనకార్యం? శిక్ష వేయండి, కాదనను. పిల్లాడు తప్పు చేస్తే తల్లి మూల నిలబెడుతుంది. కానీ ‘నువ్వు నా కొడుకువే కాదు’ అంటుందా? మీ బెంచీ వీడికి ఏం నేర్పిందయ్యా? తానెవరో మరిచిపోవడం నేర్పింది! రాజును తెచ్చి దొంగలా కూర్చోబెట్టారు. రేపు వీడు వెళ్లిపోతే ప్రభువుకు మీరు చెప్పుకుంటారా జవాబు?”

“నియమం నేను పెట్టింది కాదు!” అని పాస్టరూ అరిచాడు. “మన సంఘాలన్నిటి మీదా ఉన్న సూపరింటెండెంటుగారు పెట్టారు! నాకు నేర్పుతారా మీరు?”

“ఎవరో ఒకరు నేర్పాలిగా!”

అబ్దియాస్ టోపీ పెట్టుకుని తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. వార్షికోత్సవం ఊరేగింపు అయ్యాక బస్సు ఎక్కుతానని మాత్రం చెప్పి వెళ్లాడు.

వార్షికోత్సవం రోజు సంఘం యథాప్రకారం పాటలు పాడుతూ వీధుల్లో బయలుదేరింది. మూలమూలనా ఆగి వాక్యం చెప్పాలి, మళ్లీ పాడాలి. మాండలిన్ లేక పాట ఉప్పులేని కూరలా ఉంది. అరుగుల మీద కుర్రాళ్లు, “ఏయ్ కనూతోలూ! ఈసారి క్వేకా ఎప్పుడు?” అని ఎగతాళి చేశారు. విశ్వాసులను ఆ ఊళ్లో అలాగే వెక్కిరిస్తారు. వరస చివర అబ్దియాస్ తల వంచుకుని, చేతిలో ప్రయాణపు సంచీతో నడుస్తున్నాడు. పాస్టరు ఒకసారి వెనక్కి తిరిగి ఆ వంచిన తల చూశాడు. ఎవరి మీదో తెలియదు గానీ, ఒళ్లంతా భగ్గుమంది. ఊరేగింపు ఆపేశాడు.

“అబ్దియాస్! ఆ సంచీ కింద పెట్టు. ఎవరైనా పరుగెత్తి వెళ్లి మాండలిన్ తీసుకురండి!”

“నేను శిక్షలో ఉన్నాను పాస్టరుగారూ…”

“ఎత్తేశాను! దేవుడు నిన్ను పిలిస్తే మధ్యలో నేనెవణ్ణి? వాయించు! మీకూ ఎత్తేశాను అక్కా, ఇకనైనా నా వైపు ఆ చూపు చూడకండి!”

అబ్దియాస్ వాయించాడు. ఏడుస్తూ మొదలుపెట్టి, రెండో వీధికి వచ్చేసరికి మామూలు కన్నా వేగంగా వాయించాడు. అరుగుల మీద కుర్రాళ్లు వెక్కిరించడం మరిచిపోయారు.

మందిరం గుమ్మంలో, పొట్ట మీద గుండీలు పట్టని నల్లకోటు వేసుకుని సూపరింటెండెంటుగారు నిలబడి ఉన్నారు. విషయం ఆయన చెవిన అప్పటికే వేశారు పుణ్యాత్ములు. జనం కూర్చోగానే వేదిక ఎక్కారు.

“గడువు తీరకుండా శిక్ష ఎత్తే అధికారం నీకెవరిచ్చారు రికెల్మే? ఈ పూట కూడిక నేను నడుపుతాను. నువ్వు వెళ్లి చివరి బెంచీలో కూర్చో. మూడు నెలలు.”

అంతమంది ముందు, ఆయన సొంత మందిరంలో! పాస్టరు నడవ పొడుగునా నడిచి వెళ్లి తలుపు పక్కన కూర్చున్నాడు. వీపుకు గాలి తగిలింది. ఎవరూ తల తిప్పలేదు. ఇన్నేళ్లుగా ఆయన ఎంతోమందిని ఇక్కడికి పంపాడు గానీ, ఇక్కణ్ణుంచి వేదిక ఇంత దూరమని ఆయనకు తెలియదు.

అప్పుడు ముందు వరసలో సునిల్దా అక్క లేచింది.

“సూపరింటెండెంటుగారూ, ఆ కోటు అద్దెదా?”

“ఏమిటమ్మా?”

“సొంతదైతే సరిపోయేదిగా! నాలుగు గుండీలు పెట్టుకోలేనివారు ఇంత సంఘాన్ని ఎలా నెట్టుకొస్తారని అడుగుతున్నాను.”

“ఎవరు నువ్వు?”

“అబ్బ, ఈ ప్రశ్న కోసమే కాచుకున్నాను! రాజు కూతుర్ని. యాజకురాల్ని. మరి తమరెవరు?”

“వెనక్కి! నువ్వు కూడా వెనక్కి!”

ఆవిడ అప్పటికే సగం దారి వచ్చేసింది. మాండలిన్ భుజాన వేసుకుని లేవబోయిన అబ్దియాస్‌ను చూసి వేలెత్తింది. “నువ్వెక్కడికిరా? నీ పిలుపు అక్కడ. వాయించు!” అని, రొప్పుతూ వచ్చి బెంచీ దగ్గర నిలబడింది. “జరగండి పాస్టరుగారూ.”

పాస్టరు జరిగాడు. ఆవిడ కూర్చున్నాక చూస్తే గాలి ఆవిడ వీపుకే తగులుతోంది, ఆయనకు తగలడం లేదు. ఆవిడ కళ్లు తెరిచి గురక పెట్టిన ఏడాది ఈ బెంచీలో ఎవరున్నారో గుర్తొచ్చింది. పెళ్లికాకుండా తల్లయిన ఎర్మిందా. అంతకు ముందు ఏడాది తాగుబోతు బెలార్మినో. ఈవిడ శిక్షల్లో ఒక్కటీ ఒంటరిగా అనుభవించినది లేదు.

“అక్కా, ఇన్నేళ్లూ కావాలనే చేశారా?”

“మరి? అందరికీ పిలుపు వేదిక మీదే ఉంటుందా? నన్ను ఇక్కడికి పిలిచాడు ప్రభువు. మీరు పంపినప్పుడల్లా ఆయనే పంపాడనుకున్నాను.”

పాస్టరు ముక్కు ఎగబీల్చాడు. “నన్ను క్షమించండక్కా. నేను ఈ పనికి తగను. నేనెంతటివాణ్ణి, వట్టి…”

“ఏమన్నారూ?”

రేకుల కప్పు అదిరింది. సంఘమంతా వెనక్కి తిరిగింది. “రాజువయ్యా నువ్వు! యాజకుడివి! ముందు ఆ ముక్కు తుడుచుకో!”

“ఎవరక్కడ? ఇంకో మూడు నెలలు!” అని వేదిక మీదనుంచి కేక వినబడింది.

“ఆమేన్!” అంది సునిల్దా అక్క.