పెట్టెలో దాచిన వెండి పట్టీలు

నిరుడు మా నాయన కాలి బొటనవేలికి షుగర్ పుండు లేచింది. ధర్మవరంలో నలభై ఏండ్లు మగ్గం నేసిన మనిషి. హిందూపురం డాక్టరు, పత్తి గుజ్జుతో చేసి వెండి కలిపిన పట్టీలు రాసిచ్చి, "ఈ వెండి క్రిములను చంపుతుంది, మూడు రోజులకొకటి మార్చండి" అన్నాడు. పుండు చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి, అందుకని నాయనే కట్టుకునేవాడు.

"మార్చినావా నాయనా?"

"మార్చినా తల్లీ."

నెల గడిచినా పుండు మానకపోగా వేలు నల్లబడింది. నేనూరుకుంటానా? ఆస్పత్రి వరండా నిండా జనముండగా డాక్టరును కడిగేశాను. "వెండి పేరు చెప్పి ఉత్త గుడ్డ అమ్ముతాండారా?"

ఆయన వంగి నాయన కట్టు విప్పాడు. లోపల పాత పంచె ముక్క!

"పట్టీలేవి పెద్దాయనా?"

"పెట్టెలో ఉండాయి సార్. వెండిని ఎవరైనా పుండు మీద పారేస్తారా? పాతచీరల జరీ కాల్చి వెండి తీసేటోడు వస్తే ఇద్దామని దాచినా."

వరండా అంతా నవ్వింది. నాయన మాట నమ్మే కదా నేను అంతమందిలో నోరు పారేసుకుంది!

వేలు తీసేశారు. ఆ జరీ అతను వచ్చి, ఒక పట్టీ కాల్చి చూసి, "క్రిములను చంపేంతే గానీ, తీసుకునేంత వెండి లేదు పెద్దాయనా" అని బూడిద ఊదేసి పోయాడు.

డాక్టరుకు క్షమాపణ చెప్పుకున్నాను. నాయనను మాత్రం ఇంకా క్షమించలేదు. ఇప్పుడు "అన్నం తిన్నావా?" అంటే, "తిన్నా తల్లీ" అంటాడు. నేను పోయి గిన్నె మూత తీసి చూస్తాను.