నా చేతిలో పెట్టండి

భాగ్యరేఖ నన్ను మొదటిసారి చీవాట్లు పెట్టింది ఒక యాభై రూపాయల నోటు గురించి. జుట్టు కత్తిరించుకుని, అద్దం కింద బల్ల మీద, దువ్వెనల పక్కన ఆ నోటు పెట్టి లేచాను. గుమ్మం దాటుతుంటే ఆ నోటు పట్టుకుని వెనకాలే వచ్చింది.

"మేడమ్, మీ నోటు మర్చిపోనారు."

"మర్చిపోలేదు. నీకే అది."

"నాకైతే నాకియ్యండి. బల్లకిచ్చినారేటి?"

నాకు ఒళ్ళు మండిపోయింది. పైన డబ్బులిచ్చి మాట కూడా పడాలా? ఆ నోటు లాక్కుని పర్సులో కుక్కుకుని ఇంటికొచ్చేశాను. రెండు రోజులపాటు మా ఆయన చెవిలో ఆవిడ పొగరు గురించి ఊదాను. మూడో రోజు అన్నం కలుపుకుంటుంటే అడగకుండానే ఒక ప్రశ్న వచ్చి కూర్చుంది. కూరలవాడికి చేతికిస్తాను. ఆటో భయ్యాకి చేతికిస్తాను. మా స్కూలు ప్యూనుకి దీపావళి మామూలు కూడా చేతిలోనే పెడతాను. మరి ఈవిడకి బల్ల మీద ఎందుకు పెట్టాను?

జవాబు నాకు తెలుసు. తెలుసు కాబట్టే అంత కోపం వచ్చింది. నాన్నకి గడ్డం గీయడానికి వచ్చే మంగలికి మా అమ్మ అలాగే పెట్టేది. స్టీలు ప్లాంటు వాళ్ళిచ్చిన సెక్టార్ క్వార్టర్ మెట్టు మీద చిల్లర పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి, "తీస్కో" అనేది. నేను ఇరవయ్యేళ్ళుగా పిల్లలకి సాంఘికశాస్త్రం పాఠం చెబుతున్నాను. సమానత్వం మీద నా పాఠం చాలా బాగుంటుందని పేరు కూడా ఉంది.

తరవాతి నెల వెళ్ళి చేతిలో పెట్టాను. భాగ్యరేఖ నోటు చూసుకుంది, మడిచి జాకెట్లో పెట్టుకుంది. "ఆఁ, ఇదీ ఇవ్వడమంటే" అంది. పరీక్ష పాసయినంత సంతోషపడ్డాను, సిగ్గులేకుండా.

రాయపూర్ దగ్గరి ఈ ప్లాంటు ఊళ్ళో, సుపేలా మెయిన్ రోడ్డు మీద, బట్టల కొట్టు పైన, మేడ మీద ఉంటుంది ఆ సెలూన్. నాలుగు కుర్చీలు. కిటికీ పక్క కుర్చీ భాగ్యరేఖది, తొమ్మిదేళ్ళుగా. ఓనరు అపర్ణ ఇక్కడే పుట్టిన మన తెలుగు పిల్లే, ముప్ఫయ్యేళ్ళుంటాయి. తెలుగు మొదలుపెట్టి హిందీలో ముగిస్తుంది. పిల్ల మంచిదే కానీ, లోపలి గది తలుపుకి హిందీలో ఒక కాగితం అంటించింది. కస్టమరు టిప్ ఇస్తే ఎలా తీసుకోవాలో అందులో ఉంటుంది: నవ్వాలి, రెండు చేతులూ ముందుకు పెట్టాలి, ఎంతిచ్చారో చూడకూడదు. "సూడకుండా తీసుకోడానికి అది దొంగ సొమ్మేటి?" అని భాగ్యరేఖ ఆ కాగితం ముందే అడిగింది. అపర్ణ నవ్వి ఊరుకుంది.

భాగ్యరేఖ తండ్రి అప్పలసూరిది పాలకొండ దగ్గర పల్లె. ప్లాంటులో పని దొరుకుతుందని అందరితోపాటు రైలెక్కి వచ్చాడు. దొరకలేదు. నాయీ బ్రాహ్మణుల ఇంట పుట్టినవాడు, చేతిలో పని ఉంది. సెక్టార్ మార్కెట్ గోడ పక్కన ఒక కుర్చీ వేశాడు, పిలిస్తే క్వార్టర్లకీ వెళ్ళేవాడు. షిఫ్టు దిగొచ్చిన మనవాళ్ళు అతని ముందే తల వంచేవారు, గడ్డం ఎత్తేవారు, గొంతు మీద కత్తి నడుస్తుంటే కళ్ళు మూసుకునేవారు. అంత నమ్మకం ఉన్నవాళ్ళకి డబ్బులిచ్చేటప్పుడు అతని చెయ్యి తగలడమంటే మాత్రం పడేది కాదు.

ఒకసారి నా జుట్టు కత్తిరిస్తూ భాగ్యరేఖే చెప్పింది. "మా నాన్నకి సబ్బు డబ్బా మూత ఒకటుండీది, రేకుది. పనైపోగానే, ఆళ్ళు జేబులో సెయ్యెట్టకముందే, ఆ మూత సాపీసీవోడు. అందులో పైనుంచి ఏసీవోరు. సెయ్యి సాపితే ఎక్కడ తగల్తాదోనని ఎనక్కి తీసుకుంతారు కదా? ఆ తీసుకోడం సూడలేక, ముందుగాల్నే మూత. టంగుమని సప్పుడయ్యీది. ఆ సప్పుడుతోనే నాను అన్నం తిన్నాను, సదూకున్నాను. కాదన్ను. నా పనికి మాత్రం ఆ సప్పుడొద్దు."

చెబుతున్నంతసేపూ కత్తెర ఆగలేదు. ఏడుస్తుందేమోనని అద్దంలో చూశాను. ఏడవడం మాట దేవుడెరుగు, నా తల కదిలిందని గట్టిగా ఒక్క మొట్టికాయ వేసింది.

తండ్రి ఆవిణ్ణి కుట్టుపని నేర్చుకోమన్నాడట. ఆవిడ కత్తెర పట్టుకుంది గానీ గుడ్డకి పట్టలేదు. ఆడవాళ్ళ జుట్టు పని నేర్చుకుంది. పెళ్ళయ్యాక భర్త చిట్టిబాబు జాముల్ సిమెంటు ఫ్యాక్టరీ వైపు కాంట్రాక్టు పనికి వెళ్తున్నాడు. అతనికి నెలలో సగం రోజులు పని ఉంటుంది, సగం ఉండదు. ఇల్లు నడిచేది ఆ కిటికీ పక్క కుర్చీ మీదే. ఈ మాట ముందే చెబుతున్నాను, ఆ ఆదివారం ఆవిడ దేన్ని పణంగా పెట్టిందో మీకు తెలియాలని.

ఆ ఆదివారం నేను జుట్టుకి రంగు వేయించుకోడానికి వెళ్ళాను. వెళ్ళగానే ఒకటి కొత్తగా కనబడింది. ప్రతి కుర్చీ ముందూ మెరిసే చిన్న స్టీలు పళ్ళెం. భాగ్యరేఖ మొహం గంటు పెట్టుకుని గిన్నెలో రంగు కలుపుతోంది. అడగ్గానే చెప్పేసింది.

గౌరీదేవిగారని ఒకావిడ ఉంది, పెద్ద కాంట్రాక్టరు భార్య. విజయనగరం వాళ్ళే. ఆవిడ తల చూసే అమ్మాయి పెళ్ళి చేసుకుని రాయపూర్ వెళ్ళిపోయాక భాగ్యరేఖ కుర్చీకి వచ్చింది. గంటసేపు తలకి మర్దన చేయించుకుంటుంది. కణతలు నొక్కించుకుంటుంది. తల భాగ్యరేఖ పొట్టకి ఆన్చి గుర్రు కూడా పెడుతుంది. లేచాక రెండు వేళ్ళతో నోటు కొస పట్టుకుని, జానెడు ఎత్తునుంచి వదుల్తుంది. మూడుసార్లు భాగ్యరేఖ, "సేతిలో ఎట్టండమ్మా" అని చెప్పిందట. ఆవిడ విననట్టే ఉంది. నాలుగోసారి, అంటే కిందటి వారం, నోటు వదిలినప్పుడు భాగ్యరేఖ గుప్పిట ముయ్యలేదు. నోటు కింద, రాలిన జుట్టులో పడింది.

"తియ్యి" అందట గౌరీదేవిగారు.

"పడీసింది మీరు కదమ్మా" అందట ఈవిడ.

ఆవిడ మెట్లు దిగుతూనే అపర్ణకి ఫోను. ఇంట్లో కూతురి పెళ్ళి ఉంది. పెళ్ళికూతురి అలంకారం, చుట్టాల జడలు అన్నీ ఈ సెలూన్‌కే ఇస్తానని మాటిచ్చి ఉంది. ఇప్పుడు ఆ మనిషి తనకి క్షమాపణ చెబితే సరి, లేకపోతే ఇంకో చోటు చూసుకుంటానంది. అపర్ణ ఆ రోజే పోయి పళ్ళేలు కొనుక్కొచ్చింది. ఇకనుంచి టిప్ అందులో వేస్తే ఎవరి చెయ్యీ ఎవరికీ తగలక్కర్లేదు, గొడవే లేదు అనుకుంది పాపం.

"పళ్ళెం సూడగానే నాకు సప్పుడు ఇనబడిపోయింది మేడమ్" అంది భాగ్యరేఖ, నా పాపిట్లో బ్రష్షుతో రంగు పూస్తూ. "మా నాన్నదైతే తుప్పట్టిన మూత. ఇది మెరుస్తోంది. అంతే తేడా."

"మరి క్షమాపణ?"

"ఈవేళ పదకొండింటికి ఒస్తాదట ఆవిడ. సెప్పకపోతే కుర్సీ ఒగ్గీమంది అపర్ణ."

"చెబుతావా?"

"సెప్తాను. ఎందుకు సెప్పను?" అంది. నాకు నిరాశగా అనిపించింది. కుర్చీ పోయేది ఆవిడకి, నాకేం? వేరేవాళ్ళు మొండికేస్తుంటే చూడ్డం నాలాంటివాళ్ళకి సరదా.

నా తలంతా రంగు పట్టించి, ప్లాస్టిక్ టోపీ తొడిగేసరికి గౌరీదేవిగారు వచ్చింది. జరీ అంచు చీర, సెంటు. కుర్చీలో కూర్చోలేదు. చంకలో బ్యాగు పెట్టుకుని నిలబడే అపర్ణ వంక చూసింది.

"దీదీ, ఆంటీ వచ్చారు" అంది అపర్ణ. "సారీ చెప్పెయ్యండి, బస్. బాత్ ఖతం."

భాగ్యరేఖ చేతికున్న తొడుగులు తీసింది. పంపు కింద చేతులు కడుక్కుంది. మోచేతులదాకా, సబ్బు పెట్టి, తీరిగ్గా. తుడుచుకుని వచ్చి గౌరీదేవిగారి ఎదురుగా నిలబడి రెండు చేతులూ చాపింది.

"సెప్తానమ్మా. పెద్దోరు, మీకు తప్పనిపిస్తే తప్పే. మనూర్లో తప్పు ఒప్పుకుంటే సేతులు పట్టుకునే కదా అడుగుతారు? మీ సేతులు ఇలగియ్యండి."

గౌరీదేవిగారు ఒక అడుగు వెనక్కి వేసింది. "చేతులెందుకే? నోటితో చెప్పు, చాలు."

"నోటి మాట గాల్లో పోతాదమ్మా. సేతిలో సెయ్యేసి సెప్తే అది క్షమాపణ. ఇయ్యండి. కడుక్కున్నాను, మీరు సూసినారు."

చేతులు అలాగే చాపి ఉంచింది. పక్క కుర్చీలో జుట్టు ఆరబెట్టే మెషిన్ ఎవరో కట్టేశారు. గౌరీదేవిగారి కుడిచెయ్యి నెమ్మదిగా పైటచెంగు కిందకి పోయింది. ఎడమచెయ్యి బ్యాగుని ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆవిడకి తెలియకుండానే ఆ చేతులు అలా చేశాయి. కానీ నాలుగు అద్దాల్లోనూ అందరికీ కనబడింది. నోటు ఎందుకు కింద పడిందో మళ్ళీ ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది.

"నా పొట్ట మీద తల ఎట్టుకుని నిద్దరోయినారు" అంది భాగ్యరేఖ, గొంతు పెంచకుండా. "అప్పుడు అంటని మనిషిని ఇప్పుడెలగ అంటుకున్నాను?"

గౌరీదేవిగారు, "అపర్ణా, ఇదేనా నీ సెలూన్ మర్యాద?" అని దబదబా మెట్లు దిగిపోయింది. అపర్ణ కళ్ళనిండా నీళ్ళు. "దీదీ, ఆ షాదీ బుకింగ్ నాకు ఎంత అవసరమో మీకు తెలుసు కదా! ఎందుకిలా చేశారు, క్యోఁ?"

"నువ్వు సెప్పమన్నావు, సెప్పడానికి నాను రెడీ. సెయ్యి ఇయ్యంది ఆవిడ" అంది భాగ్యరేఖ. "కుర్సీ ఒగ్గీమంతావా?"

అపర్ణ తల దించుకుంది. వెళ్ళమనలేదు, ఉండమనీ అనలేదు. తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్న మనిషికి అది చాలు. భాగ్యరేఖ తన సొంత కత్తెరలు రెండూ, దువ్వెనలూ గుడ్డలో చుట్టుకుంది. స్టీలు పళ్ళేన్ని బోర్లించింది. అప్పుడు నా వంక చూసి, "అయ్యో మేడమ్, మీ తల!" అంది.

నా తల మీద రంగు, రంగు మీద టోపీ, మెడకి కట్టిన నల్ల గుడ్డ. "ఇంకెవరైనా కడుగుతారులే" అంది అపర్ణ. నాకు ఎక్కడలేని తిక్క వచ్చింది. జీవితంలో మొదటిసారి నా పాఠానికి పనికొచ్చే తిక్క. "మొదలుపెట్టినావిడే కడుగుతుంది" అని రంగు డబ్బులు అపర్ణ చేతిలో పెట్టి, ఆ వేషంతోనే భాగ్యరేఖ వెనక మెట్లు దిగాను. సుపేలా రోడ్డంతా నన్నే చూసింది. పవర్ హౌస్ వైపు పోయే షేర్ ఆటోలో ఒకాయన తన తెల్ల చొక్కా కాపాడుకుంటూ అంచుకి జరిగి కూర్చున్నాడు. మా ఎనిమిదో తరగతి పిల్ల ఒకత్తి రోడ్డు మీంచి "నమస్తే టీచర్" అని పగలబడి నవ్వింది. నవ్వనీ.

కేంపు బస్తీలో భాగ్యరేఖ ఇల్లు రెండు గదులు, ముందు చిన్న అరుగు. అరుగు మీద స్టూలు వేసి నన్ను కూర్చోబెట్టి, బకెట్టు నీళ్ళతో తల కడిగింది. రంగు ఎక్కువసేపు ఉండిపోయి జుట్టు బొగ్గులా తయారైంది, చెవుల చివర్లు కూడా. "వారం రోజుల్లో పోతాదిలెండి" అంది. "రేపు ఏటి సెయ్యాలో తెల్దు మేడమ్" అని ఒక్కసారే అని, మళ్ళీ నీళ్ళు పోసింది.

అప్పలసూరి అరుగు చివర కూర్చుని మమ్మల్నే చూస్తున్నాడు. ఎనభై దాటాయి, వినపడేది తక్కువ. కూతురి కుర్చీ పోయిందని ఇంకా తెలీదు. అరుగు మీద ఎవరో తల కడిగించుకుంటున్నారు, అంటే పని జరుగుతోంది, అంతే అతనికి తెలిసింది. నేను తల తుడుచుకుని పర్సు తెరవగానే గోడ పట్టుకుని లేచి, లోపలికి వెళ్ళి వచ్చాడు. వచ్చి, నా ముందు ఒక రేకు మూత చాపాడు. తుప్పు పట్టి, అంచు వంగిపోయిన మూత.

ఆ మూత ఇంట్లో ఇంకా ఉందని భాగ్యరేఖకీ తెలియదనుకుంటాను.

"నాన్నా, అది ఒగ్గీ" అని గట్టిగా అరిచి చెప్పింది.

"ఉండనియ్యే. అమ్మగారికి ఇబ్బంది."

"ఒగ్గీమన్నాను! సెయ్యి సాపు."

అతను కూతురి వంక కాదు, నా వంక చూశాడు, నేను ఒప్పుకోవాలన్నట్టు. ఈ మనిషి మా నాన్నకి గడ్డం గీశాడు. మా మెట్టు మీద చిల్లర ఏరుకున్నాడు. నేనే ఆ మూత తీసుకుని అరుగు కిందకి విసిరేశాను. టంగుమంది. నోటు తీసి అతని అరచేతిలో పెట్టి, నా చెయ్యి దాని మీద ఉంచాను.

ఆ ముసలి చెయ్యి చటుక్కున వెనక్కి పోబోయింది, నన్ను మైల పరుస్తానేమోనని భయపడి. నేను వదల్లేదు.

భాగ్యరేఖ తువ్వాలు దులిపి తాడు మీద ఆరేసి, లోపల్నుంచి కుర్చీ ఈడ్చుకొచ్చి అరుగు మీద, వెలుతురు పడే వైపు వేసింది.

"మంగళారం సెలవు. మిగతా రోజులు ఇక్కడే" అంది నాతో. "మీ టీచర్లందరికీ సెప్పండి. సెయ్యిచ్చేవోళ్ళనే పంపండి."