ఉస్తాదు అరచేయి, ఆముదం గొట్టం

నిజాం రాజ్యం మొత్తంలో ఇనుము కోసే రంపానికి నూనెతో కళ్లెం వేసిన మొదటి మనిషిని నేనే. పాలమూరు స్టేషన్ దగ్గరి మా కార్ఖానాకు తెల్ల ఇంజనీర్లు ముగ్గురు వచ్చి, దాన్ని చూసి టోపీలు తీశారు.

సరే, ఇంజనీర్లెవరూ రాలేదు. టోపీ తీసినవాడు తపాలా బంట్రోతు, అదీ చెమట తుడుచుకోవడానికి. మొదటి మనిషిని నేనన్నదీ కోతే. సామాను కోసం హైదరాబాదు పోయినప్పుడు ఒక పెద్ద కార్ఖానాలో అట్లాంటి రంపం తనంతట తాను మెల్లగా దిగడం చూశాను. చూసిందే చేశాను. చేయకపోయి ఉంటే బాగుండేది.

మాది నూనె మిల్లుల ఇంజన్లు బాగుచేసే చిన్న కార్ఖానా. అందులో ఒక పట్టా రంపం ఉండేది. రెండు చక్రాల మీద సన్నటి పళ్ల పట్టీ తిరుగుతూ ఉంటే, రంపం తలకాయ పైనుంచి దిగి ఇనుప కడ్డీని కోసేది. దాన్ని వదిలేస్తే బరువంతా ఒక్కసారి ఇనుము మీద పడి పళ్లు రాలిపోతాయి. యుద్ధం రోజులు. కొత్త పట్టీలు రావడం ఆగిపోయింది. మా దగ్గర మిగిలినవి రెండే.

అందుకని మా కార్ఖానాలో అందరికంటే పాత పనివాడు ఉస్తాదు, రంపం తలకాయ కింద అరచేయి పెట్టి కూర్చునేవాడు. కడ్డీ తెగేదాకా, పూట పట్టినా సరే, ఆ బరువును చేతి మీద మోస్తూ వెంట్రుకవాసి చొప్పున దించేవాడు. ఇనుములో గట్టి చోటు వస్తే మాకంటే ముందు ఆయన అరచేతికి తెలిసేది. చూపు మందగించి మిగతా పనులన్నీ ఎప్పుడో మానుకున్నాడు. ఇంట్లో భార్య మంచం పట్టి ఉంది. ఈ పని పోతే ఆయనకు ఇంకో పని దొరకదని మా అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

ఆయన భుజం నొప్పి చూడలేక చేశానని అందరికీ చెప్పుకున్నాను. హోలీ ఆడుకునే పాత ఇత్తడి పిచికారీ ఒకటి సంపాదించి, రంపం తలకాయకూ కింది దిమ్మెకూ నడుమ బిగించాను. లోపల కిరసనాయిలు పోశాను. తలకాయ దిగుతుంటే ఆ నూనె చిన్న కుళాయిగుండా బయటికి పోవాలి. కుళాయి ఎంత తిప్పితే అంత మెల్లగా దిగాలి. కానీ దబ్బున పడింది. మూడు పళ్లు ఎగిరిపోయాయి.

కార్ఖానా యజమాని సేటు నన్ను తిట్టడానికి నోరు తెరిచేలోపే ఉస్తాదు లేచి వచ్చాడు. గొట్టాన్ని వేళ్లతో తడిమి చూశాడు.

"కిరసనాయిల్ నీళ్ల లెక్క ఉరుకుతది బేటా. ఆముదం పొయ్యి. జర చిక్కగుంటది, మాట ఇంటది."

"పైకి లేపేటప్పుడు గూడ గంతే మెల్లగ లేస్తది కద ఉస్తాద్?"

"కొలిమితిత్తికి తోలు రెక్క ఉంటది, చూడలేదా? ఒక దిక్కే తెరుచుకుంటది. గసుంటిది లోపల పెట్టు."

ఆ తోలును ఆయనే కత్తిరించి, ఆముదంలో నానబెట్టి ఇచ్చాడు. మర్నాడు రంపం దిగింది. ఎవరి చేయీ లేకుండా, ఎక్కడా తొట్రుపడకుండా దిగింది. కడ్డీ తెగిన చోట ముఖం చూసుకోవచ్చునని ఊరంతా చెప్పాను. అంత నునుపేమీ లేదు, కానీ తెగింది.

సేటు కడ్డీ ముక్కను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

"ఉస్తాద్, ఇగ మీరు ఆరాం చెయ్యండి."

"ఎన్ని దినాలు, సేట్?"

సేటు ముక్కను కింద పెట్టి, ఇంకో కడ్డీ తెమ్మని నాకు సైగ చేశాడు. ఉస్తాదు తాను కూర్చునే గోనెసంచిని దులిపి, మడిచి చంకలో పెట్టుకున్నాడు. కుళాయి దగ్గర ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి సేట్, అని నేను ఒక్క మాట అనగలిగేవాణ్ణే. అది నిజం కూడా. ఎండ ముదిరితే ఆముదం పలచబడుతుంది, కుళాయిని మళ్లీ మళ్లీ సరిచేయాలి. నేను అనలేదు. ఆ పొద్దే సేటు మొదటిసారి నన్ను మిస్త్రీ అని పిలిచాడు. ఆ పిలుపు కోసం నేను ఎన్నాళ్లుగానో కాచుకుని ఉన్నాను.

పుష్యమాసం చలికి ఆముదం బిగుసుకుపోయింది. రంపం తలకాయ ఎక్కడిదక్కడే నిలిచిపోయి, పట్టీ ఊరికే ఇనుమును రాసుకుంటూ తిరిగింది. అప్పుడు ఉస్తాదు ఇంటికి పోయి కాళ్లు పట్టుకున్నాను. ఆయన నవ్వి, "గొట్టం కింద కుంపటి పెట్టు బేటా, కరుగుతది" అన్నాడు. ఆ మాటతోనే పని సాగింది. ఎండాకాలం రాకముందే ఆయన పోయాడు. జనాజా వెనుక నడుస్తూ, ఆయన నన్ను క్షమించాడు, కుంపటి సంగతి చెప్పాడు కదా అనుకున్నాను. ఇన్నేళ్లూ ఆ ఒక్క మాటను పట్టుకునే బతికాను.

ఇంతవరకు రాసి మా ముసలిదానికి చదివి వినిపించాను. ఆమెకు చదువు రాదు. పప్పు ఏరుతూ విన్నది, చేయి ఆగింది.

"నువ్వు యాడ పోయినవు? మొఖం చెల్లక నన్ను తోలినవు. కొత్త కోడలిని, ఆ వాడ సుత తెల్వదు నాకు."

"సరే, నిన్నే పంపిన. మాట ఆయనదే కద?"

"ఆయన కుంపటి ముచ్చటే ఎత్తలే. చలికి తలకు పెట్టే ఆముదం ఎచ్చజేసుకోమా? ఉత్త చేతులతోని వస్తే నువ్వు కుములుతవని తొవ్వల నేనే అల్లిన. ఆయన తలుపు సగమే తీసిండు. నవ్వలే. నా ఇంటికి ఇగ ఎవ్వర్నీ తోలొద్దని చెప్పమ్మా అన్నడు, తలుపు పెట్టుకున్నడు."