మామయ్య నీళ్ళు కట్టిన రోజు

ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే "పొయ్యి మీద పాలున్నాయి" అని లేచిపోయే రకం నేను. మా అత్తగారు దిష్టి తీసినా లోపల నవ్వుకుంటాను. అలాంటి నేనే ఇది చెబుతున్నాను.

మాది కురుగోడు దగ్గర ఒక క్యాంపు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి పండించుకునే మాలాంటి వాళ్ళ ఊళ్ళని ఇక్కడ అలాగే పిలుస్తారు. కిందటేడు మా మామయ్యకి కడుపులో క్యాన్సరని తేలింది. బళ్ళారిలో పెద్ద ఆపరేషన్ చేసి జీర్ణాశయం చాలావరకు తీసేశారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మనిషే డీలా పడిపోయారు. జావ పట్టొచ్చని డాక్టరు చెప్పాక చెంచా నోటి దగ్గరికి తీసుకెళితే మొహం గోడవైపు తిప్పేసేవారు. "మేం చేసేదంతా చేశాం. తినాలని ఆయనకే ఉండాలమ్మా" అన్నారు డాక్టరు.

అదే వారం మా పొలానికి నీళ్ళ వంతు వచ్చింది. ఇంటిల్లిపాదీ ఆసుపత్రిలోనే ఉన్నాం. పంట పోతే పోనీ, మనిషి దక్కితే చాలనుకున్నాం.

ఆ మధ్యాహ్నం పక్క పొలం హనుమంతప్ప మా ఆయనకి ఫోన్ చేశాడు. స్పీకర్‌లో అందరం విన్నాం.

"ఏందప్పా, మీ నాయన్ని అప్పుడే ఇంటికి తోడుకొచ్చేసినారా? గెనిమ గట్టు మీద నిలబడి నీళ్ళు కడతాండాడు. పిలిస్తే చెయ్యి ఊపినాడు."

మామయ్య మా ఎదురుగానే, చేతికి సెలైన్‌తో నిద్రపోతున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఇదేం పరాచికం, సమయం సందర్భం లేదా అని ఫోన్‌లోనే కేకలేశాను. అత్తగారు మాత్రం "ప్రాణం అప్పుడే పొలానికి వెళ్ళిపోయిందిరా" అని ఘొల్లుమన్నారు.

ఆ ఏడుపుకి మామయ్య కళ్ళు తెరిచారు. పొలం నుంచి వచ్చి అరుగు మీద కూలబడుతూ ఎలా అనేవారో అచ్చం అలాగే అన్నారు.

"అమ్మాయ్, ఆకలేస్తోందే. ఏదో ఒకటి పెట్టు."

గబగబా గిన్నెలో జావ పోశాను. మెల్లగా, చెంచా తర్వాత చెంచా, మొత్తం తాగారు. నేను బాత్‌రూమ్‌లోకి వెళ్ళి తనివితీరా ఏడ్చాను.

మర్నాడు మా ఆయన వెళ్ళి చూస్తే మడి నిండా నీళ్ళు. తర్వాత హనుమంతప్పని నేనే అడిగాను, జాలిపడి నువ్వే కట్టావా అని. పకపకా నవ్వాడు.

"నీళ్ళకాడ మా అన్నకే వదల్ను నేను. కట్టింటే ఊరంతా చెప్పుకోనా? నా కండ్లతో చూసినా గదమ్మా."

అదీ నిజమే. కాలువ చివరి పొలాల్లో తమ్ముడు తమ్ముడే, పేకాట పేకాటే.

మామయ్యని అడిగితే ఏమీ గుర్తులేదంటారు. ఇప్పుడు కొంచెం కొంచెంగా రోజూ తింటున్నారు, నా చారులో ఉప్పు చాలలేదని సాధిస్తున్నారు. సాధించనీ, నాకు అదే పండగ.

ఆ రోజు గట్టు మీద ఉన్నదెవరో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. ఎవరైతేనేం, మా మడి తడిపి, మా మనిషికి ఆకలి పుట్టించి తిప్పి పంపారు. వాళ్ళకి రెండు చేతులా దండం పెడుతున్నాను.